ఒక్క మెతుకు

కోఠీల మా దుకాణం గోడ మీద
ఎర్ర రంగుతోటి రాసుంటది:
"అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు."
రాసింది నేనే.
ఆఖరికొచ్చేసరికి రంగు అయిపోయి
'బడదు' పలచబడ్డది.
అయినా అందరికీ ముందు కనబడేది అదే.

సోమవారం ఆమె వచ్చింది.
ఒళ్లంతా చుట్టుకున్న లేత పసుపు బట్ట,
చంకల మూడు లీటర్ల కుక్కర్ డబ్బా,
టోలిచౌకి నుంచి
మెహదీపట్నంల బస్సు మారి.
దేశం సూడాన్, చదువు ఫార్మసీ.
పేరు ఇఖ్లాస్. బిల్లు మీద నేనే
ఇక్బాల్ అని రాసిన.

మన భాషల ఆమెకొచ్చింది మూడే మాటలు:
అన్నా, ఎంత, వద్దు.
చెడిపోయింది అనే మాట ఎవరూ నేర్పలే.
అందుకని మూత మీద వేలు పెట్టి
పెదాలు ముడిచి
స్స్‌స్ అని ఈల వేసి
తల అడ్డంగ ఊపింది.
దుకాణంల ఉన్నోళ్లంతా నవ్విన్రు.
నేను గూడ.

"సేఠు లేడు" అన్న.
సేఠు పరదా ఎనక
పప్పుల నిమ్మకాయ పిండుకుంటున్నడు.
గిన్నె చప్పుడు మా ఇద్దరికీ ఇనబడ్డది.

మంగళారం: "కంపెనీకి ఫోన్ చేసినం."
చెయ్యలే.
బుధారం: "బిల్లు మీద పేరు వేరే ఉన్నది గదా."
దానికి మాత్రం నాకే సిగ్గయింది.
సిగ్గుకు జీతం రాదు.
గురువారం రాలే.
గెలిచినమని సేఠు నాకు చాయ్ తెప్పిచ్చిండు.

పదకొండేండ్లాయె ఈ కౌంటర్ ఎనక.
'రేపు రా' అనుడు నేర్వనీకి ఆరు నెలలు,
నవ్వుకుంట అననీకి ఇంకో ఏడాది.
ఎదుటి మనిషి ముఖం చూడొద్దు,
భుజం మీదికెళ్లి బజారును చూసుకుంట అనాలె.
కళ్లల్ల చూసినవా,
ఇంక వాపస్ తీసుకునుడే.

శుక్రవారం వాన.
పుత్లీబౌలి దిక్కు మోకాళ్ల లోతు నీళ్లు.
గిరాకీ లేదు, ఈగలు గూడ లేవు.
ఆమె తడిసొచ్చి కుక్కర్ పక్కకు పెట్టి
టిఫిన్ డబ్బా ఒకటి తీసింది.
మూత తీసి నా ముందలికి జరిపింది.
అన్నం.
పైన తడి, లోపల సున్నం లెక్క తెల్లగ
పలుకు పలుకు.
ఒక వేలు లేపి చూపెట్టింది, ఒక్కటి, అన్నట్టు.

మా అమ్మ గిట్లనే అంటుండె:
కుండంత పిసుకుతవా బిడ్డా,
ఒక్క మెతుకు పట్టి చూడు.
మూడు మాటల పిల్లకు ఈ మాట ఎవరు చెప్పిన్రో.
లేకుంటే బియ్యం ఉడికే ప్రతి చోట
ఎవరో ఒక అమ్మ అంటనే ఉంటదేమో.

నా రెండు వేళ్ల నడుమ
మెతుకు నలగలే.
అప్పుడు కళ్లల్ల చూసిన.
గదిల నలుగురట, వేళ్లతోటి చెప్పింది.
నాలుగు రోజులాయె.

సేఠు కునుకు తీస్తుండు.
మూడో అరల నుంచి కొత్త డబ్బా దించి,
నీళ్లు పోసి, చాయ్ పొయ్యి మీద పెట్టిన.
కూత రావాలె, వస్తే సేఠు లేస్తడు.
ఇద్దరం ఒకసారి కుక్కర్ దిక్కు,
ఒకసారి పరదా దిక్కు చూసుకుంట నిలబడ్డం.
వచ్చింది.
నా జన్మల గంత పెద్ద కూత ఇనలే.

"ఏం చప్పుడురా సత్తయ్యా?"
"బయట ట్రాఫిక్ పోలీసు, సేఠూ."

ఆమె నవ్వు ఆపుకోనీకి
బట్ట అంచు నోట్లె కుక్కుకున్నది.
కాలే డబ్బా చంకల పెట్టుకొని
"అన్నా" అన్నది.
పర్సు తీసి "ఎంత" అన్నది.
మూడో మాట నేను అన్న.

కూత రాని కుక్కర్ ఇప్పుడు
మూడో అరల అడుగున ఉన్నది.
కొత్త టేపు అంటిచ్చిన.
మూలకు పెన్సిల్‌తోటి చిన్న చుక్క.
గిరాకీ వచ్చినప్పుడల్లా నా చెయ్యి
దాన్ని దాటి పక్కదాని మీద పడ్తది.

ఆదివారం నాకు సెలవు.
సేఠు కొడుకు కూసుంటడు.
చుక్క సంగతి వానికి తెల్వదు.