మూడు ఎనభై అయిదు

ఆ అంకె రాసింది నేనే.
నా ఎనిమిది గుండ్రంగా వస్తుందని
నాదముని గారు తెల్లరంగు బ్రష్షు నా చేతికే ఇస్తారు.
వెండిరంగు సెడాన్, పదమూడు మోడలు, రెండో ఓనరు,
ముందద్దం మీద 3,85,000.
ఎండలకు ముందు రాసింది.
ఇప్పుడు ఆడి మాసం.
పోరూరు రోడ్డు పొడుగునా బట్టలకొట్లు
తగ్గింపు తగ్గింపని గొంతు చించుకుంటున్నాయి.
మా దగ్గర ఒక్క సున్నా కదల్లేదు.

మెట్రో స్తంభాల దుమ్ము రోజూ పడుతుంది,
రోజూ తుడుస్తాను.
అంకె దగ్గరికొచ్చేసరికి తడిగుడ్డ చుట్టూ తిప్పుతాను,
పడుకున్న పసివాడి మొహం మీద ఈగను తోలినట్టు.

వచ్చినవాళ్ళు ముందు కార్పెట్ ఎత్తి వాసన చూస్తారు.
"నీళ్ళెక్కిందా?"
ఈ ఊళ్ళో బండికైనా ఇంటికైనా మొదటి ప్రశ్న అదే.
లేదంటే నమ్మరు.
మూడు ఇరవై అంటారు, టీ తాగి పోతారు.

"తగ్గించకూడదా సార్?" అన్నానొకసారి.
"కొన్నది మూడు నలభై అయిదుకి. గేర్‌బాక్స్‌కి పద్దెనిమిది వేలు.
వడ్డీ సంగతి నీకు తెలుసు, బ్యాంకుకెళ్ళి కట్టేది నువ్వేగా.
ఆ అంకె చెరపనంతసేపూ నాకు నష్టం రాలేదమ్మా.
అమ్మకం ఆగింది, అంతే."
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనేది మా నాయనమ్మ.
ఈయన ఆ అడవిలోనే కుర్చీ వేసుకున్నాడు.

ఆయన చెప్పనిది ఇంకోటుంది.
మార్చిలో ఆవడి నుంచి ఒకాయన
పసుపు సంచిలో మూడు డెబ్భై రెండు తెచ్చాడు, అన్నీ నోట్లే.
"రేపు రండి" అన్నారు ఈయన.
ఆ రేపు
ఇంకా ఆ బండి వెనకసీట్లో కూర్చునే ఉంది.

పోయిన నెల ఒక శనివారం, ఎవరికీ చెప్పకుండా,
ఎనిమిది తుడిచి నాలుగు రాశాను.
ఆదివారం ఆదివారం వచ్చి చుట్టూ తిరిగి పోయే
టైలర్ గుణశీలన్ ఆగాడు.
అంకె చూశాడు. నన్ను చూశాడు.
వంగి చక్రాల వెనక చూశాడు.
"ఏమైందమ్మా దీనికి?"
మళ్ళీ రాలేదు.

నాదముని గారు ఒక్క మాటా అనలేదు.
బ్రష్షు చేతికిచ్చి నిలబడ్డారు.
ఎనిమిది రాశాను, ఈసారి కాస్త వంకరగా.

రోజూ పదకొండింటికి పది నిమిషాలు
ఇంజిన్ వేసి లోపల కూర్చుంటాను,
బ్యాటరీ చావకూడదని.
ఏసీలోంచి ఎవరివో పాత అగరబత్తులు
ఇంకా కొంచెం వాసనొస్తాయి.
లోపల్నుంచి చూస్తే అంకె తిరగబడుతుంది.
సున్నాలే ముందొస్తాయి.