కింది రెప్ప

శ్రీరామపుర ప్రసూతి ఆసుపత్రి మేడ మీద గదిలో
మేం పురుడు పోయడం నేర్చుకునే బొమ్మ పేరు రోజీ.
గులాబీ రంగు ప్లాస్టిక్ తొడలు,
ఎన్ని కాన్పులైనా చెమట పట్టని నుదురు.

జీవరత్నం టీచర్ మొదటిరోజే
దాని మీద దుప్పటి కప్పేసింది.
"ఈవిడ మన వార్డుకి ఎప్పుడూ రాదు.
వచ్చేవాళ్ళని చూడండి."

వచ్చింది ఓబులమ్మ.
కదిరి నుంచి దిగి పన్నెండేళ్ళుగా
మెజెస్టిక్ వెనక సందులు ఊడ్చే మనిషి,
నిండు నెలల పొట్ట మీద
గుండీలు పట్టని కార్పొరేషన్ కోటు.
కేసు షీటులో నేను "రంగు మామూలే" అని రాశాను.
నల్లటి మనిషి పాలిపోతే ఎలా ఉంటుందో
మా పుస్తకంలో బొమ్మ లేదు.

టీచర్ కోప్పడలేదు.
నా బొటనవేలు పట్టుకుని
ఓబులమ్మ కింది రెప్ప మీద ఆనించి
మెల్లగా కిందికి లాగింది.

లోపల, వెల్లవేసిన గోడ.

"నెత్తురు సంగతి చర్మాన్ని అడక్కు.
రెప్పనడుగు. నాలుకనడుగు."

"నొప్పికి మందెందుకు, వీళ్ళది గట్టిపిండం"
అంది బల్ల దగ్గర్నించి సీనియర్ సిస్టరు.
"గట్టిపిండం కాదు సిస్టర్,
అరిస్తే తిట్లు పడతాయని తెలిసిన పిండం."
అంతే అంది టీచర్. అని,
నెత్తురు కోసం ఆటో ఎక్కింది.
వానలో, ట్రాఫిక్‌లో,
ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని
పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చింది.

రాత్రి రెండింటికి, చల్లారిన టీ దగ్గర,
నేను అడక్కుండానే చెప్పింది:
"మా చెల్లెలి షీటు నా దగ్గరే ఉంది.
దాంట్లోనూ రంగు మామూలే."
తర్వాత గ్లాసు కడుక్కోడానికి లేచింది.

నేను బాత్రూమ్ అద్దం ముందు నిలబడ్డాను.
ఏడో తరగతి నుంచి క్రీములు పూసిన మొహం.
రెప్ప లాగి లోపలికి చూసుకోవడం
అదే మొదటిసారి.

నాలుగున్నరకి పాప పుట్టింది.
ఒంట్లోకి ఇంకా చుక్కచుక్కగా ఎవరిదో నెత్తురు దిగుతుంటే
ఓబులమ్మ అడిగిన మొదటి మాట
"ఎర్రగా బుర్రగా ఉండాదా, పాపా?"

టీచర్ నా వైపు చూసింది.
బిడ్డని దగ్గరికి పట్టుకెళ్ళాను.
కాటుక రంగు బుగ్గలు,
ఊరంతా వినేలా తెరిచిన నోరు.
"చూడక్కా,
నాలుక చూడు, చిగుళ్ళు చూడు,
ఎంత ఎర్రగా ఉందో!"

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.
ఆ తర్వాతే గుర్తొచ్చింది కాబోలు,
ఆరింటి హాజరు
ఎవరు వేస్తారని అడిగింది.