తాయ

చిత్తూరు పెద్దాస్పత్రి వెనకాల, మెట్ల కింది గది నాది.
తలుపు మీద హోదా ఇంగ్లీషులో ఉంది, సగం పెయింటు రాలిపోయింది.
వచ్చేవాళ్ళు వాచ్‌మన్‌ని అడిగేది మాత్రం
"మాటలు నేర్పే మేడం యాడుంటాది?" అనే.

మాటలు నేను నేర్పను.
అవి పిల్లల దగ్గర ముందే ఉంటాయి.
గొంతు దగ్గర దిగాల్సింది
కునుకు పట్టి, పళ్ళ దగ్గర దిగుతుంది ఒక్కోటి.
వెనక్కి నడిపించుకు రావడం నా ఉద్యోగం.

కౌశిక్‌కి ఐదేళ్ళు.
పేరుకి ముందొకటీ వెనకొకటీ
వాడికి పలకని అక్షరమే పెట్టారు.
"నీ పేరేంది నాయనా?"
"తౌతిత్."
అంగన్‌వాడీలో పిల్లోళ్ళు నగినారంట.
మళ్ళీ ఎవరో అడిగితే
చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నాడంట.
కాకి తాతి. కోతి తోతి.
తాత ఒక్కడే వాడి నోట్లో
తాతగా మిగిలాడు.

అముద వాణ్ణి మంగళవారాలు తీసుకొస్తుంది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కోసే పని.
వేళ్ళ సందుల్లో సొన కాల్చిన మచ్చలు,
ఎంత కడిగినా పోని పులుపు వాసన.
సీజన్లో రాదు.
నా రిజిస్టరులో జూన్ అంతా అడ్డగీతలు.
ఎందుకు రాలేదని నేనడగలేదు,
కూలి పోతుందని ఆమె చెప్పలేదు.

ఆగస్టులో మళ్ళీ మొదట్నించి.
అద్దం, పుల్ల, గ్లాసుతో నీళ్ళు.
నాలుక కొన పుల్లతో అదిమిపెట్టి "ఇప్పుడను" అంటే
ఒక దగ్గు, కాస్త కోపం.
పుక్కిలించమంటే మింగేసి
ఇంకో గ్లాసు అడుగుతాడు.

ఒకరోజు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను.
పడుకుంటే నాలుక తనంతట తనే వెనక్కి జారుతుంది.
అది పుస్తకంలో ఉంది.
పక్కన మనమూ పడుకోవాలని లేదు.
కుచ్చిళ్ళు సర్దుకుని పడుకున్నాను.
ఇద్దరం ఫ్యాను కేసి చూస్తున్నాం.
మూడు రెక్కల్లో ఒకటి వంకర,
తిరిగినప్పుడల్లా కిర్రుమంటుంది.
"క్" అన్నాడు వాడు,
నాతో కాదు, ఫ్యానుతో.
డబ్బా మూత ఊడినంత చిన్న చప్పుడు.
నేను కదల్లేదు,
మెచ్చుకుంటే ఎగిరిపోతుందేమోనని.
మళ్ళీ "క్".

క్ నుంచి కా దాకా మూడు వారాలు.
కా నుంచి కాయకి ఇంకో ఐదు.
మధ్యలో ఒక జ్వరం, వినాయక చవితి,
అముద ఆడబిడ్డ పురుడు.
కొన్నాళ్ళు "క్-తాయ" అన్నాడు,
ఎందుకైనా మంచిదని రెండూ ఉంచుకుని.

చివరికి బల్ల మీది ప్లాస్టిక్ మామిడి,
రంగు వెలిసి తెల్లబడ్డది, పట్టుకుని
"కాయ" అన్నాడు.
అముద నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.
"ఇంట్లో మేమందరం తాయనే అంటా ఉండాం మేడం.
మా అత్త అంగడికి పొయ్యి గూడా తాయలే అడగతాది.
ఫ్యాక్టరీలో నా పక్కన కోసేది గూడా.
ఇంగ మమ్మల్ని ఎవురు మార్చల్ల?"

వాడు గుండీ వదిలి,
అచ్చం నాలాగే గొంతు మీద వేలు పెట్టుకుని,
అమ్మ వైపు తిరిగాడు.
"తాయ తాదమ్మా. కాయ."

రిజిస్టరులో రాశాను:
కాయ వచ్చింది.
కాదు రాలేదు.
పేరు ఇంకా అడగలేదు.

సాయంత్రం బస్టాండులో
"కాణిపాకం, కాణిపాకం" అని అరుస్తున్నాడు కండక్టరు,
రెండు కలూ ఎంత అలవోకగా, తమలపాకు నములుతూనే.
నాకు మాత్రం తాణిపాతం అనే వినపడింది.
టికెట్టు అడిగే ముందు
ఎందుకైనా మంచిదని
గొంతు సవరించుకున్నాను.