కొసరు

మతొజీన్యుష్‌లో వీధిదీపాలు ఇంకా ఆరలేదు.
సార్డీన్ల ఫ్యాక్టరీ గోడ వెంట
ఉక్కు టేపు పరుస్తున్నాం,
ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఇదలీనా చేతిలో.
"లాగు. ఇంకొంచెం. చాలు."
చలికి ఉక్కు కూడా ముడుచుకుంటుంది.
థర్మామీటరు చూసి ఆ పిసరూ కలిపాను.
మూడు వందల మీటర్లు.
అటొక మేకు, ఇటొక మేకు, తారులోకి సుత్తితో.

ఇక ఈ మేకు నుంచి ఆ మేకుకు
తొణక్కుండా తొక్కాలి.
ముందు చక్రం ఇరుసు పక్కన లెక్కడబ్బా
టిక్కుటిక్కుమని పళ్లు కొరుకుతుంది.
3372. వెనక్కి, 3371. మళ్లీ 3372.
నాలుగోసారి 3373, సముద్రపు గాలికి చెయ్యి వణికింది.
చక్రానికి కొలత నేర్పడమంటే
పలక మీద ఒకే అక్షరం దిద్దించడం.

నిరుడూ దిద్దించాను.
ఒప్పజెప్పించుకోలేదు.
దారిలో ఎక్కడో గాజుపెంకు గుచ్చుకుని
టైరు చెప్పకుండా ఊపిరి వదులుతూ వచ్చింది.
నాకేమో ఆకలి. మేకుల దగ్గరికి తిరిగి రాలేదు.
చక్రం చిక్కింది, అంకెలు చిక్కలేదు.
హాఫ్ మారథాన్ ముప్పై ఎనిమిది మీటర్లు పొట్టిదైంది.

పన్నెండేళ్లుగా చేపల తలలు కోస్తున్న ఇదలీనా
ఆ దారినే గంటా ఇరవై తొమ్మిది నిమిషాల
నలభై ఒక్క సెకన్లకు చేరి
నేల మీద వెల్లకిలా పడి నవ్వింది.
మూడు వారాలకి ఉత్తరం: చెల్లదు.
నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.
చదివి, చేతుల పొలుసులు ఆప్రాన్‌కి తుడుచుకుని అంది:
"ముప్పై ఎనిమిదేగా అబీలియు,
చెప్పుంటే పరిగెత్తేదాన్ని."

ఇవాళ ఆరింటికి, పోలీసు మోటారుసైకిలు వెనక,
ప్రతి మలుపులో లోపలి అంచున,
గట్టుకి జానెడున్నర ఎడంగా,
పరుగెత్తేవాళ్ల పిసినారితనంతో తొక్కాను.
కిలోమీటరుకి మీటరు అదనంగా వేయాలని రూలు.
తూచేశాక పైన వేసే గుప్పెడు.
నా చెయ్యి తప్పినా
తక్కెడ వాళ్ల వైపే మొగ్గాలని.
ఆ కొసరు మోసేవీ వాళ్ల కాళ్లే అనుకోండి.

ఎనిమిదిన్నరకి మేకుల దగ్గరికి తిరిగొచ్చాం.
ఎండ తగిలి చక్రం ఉబ్బింది: 3369.
దారిని పొడుగు చేసే అంకెనే రాసుకున్నాను.
ఇదలీనా వంగి డబ్బా చూసింది,
బొటనవేలితో టైరు నొక్కింది,
ఇంకో చోట నొక్కింది.
"మళ్లీ తొక్కు" అంది.

తొక్కాను.