చెల్లు

ఆజంపురా రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట, రేకు నీడలో
మా టేబుల్‌కి మూడు కాళ్లే సొంతం.
నాలుగోది ఇటుక.
కీబోర్డు నాది.
ఉర్దూ కాగితాలు చదివే కళ్లు ఖుర్షీద్ సాబ్‌వి,
ఒక దాంట్లో శుక్లం, ఇంకోటి ఫర్వాలేదు.

మే నెల. స్టాంపు పేపర్లు కూడా
ఎండకి వంకర్లు పోతున్న వేళ
అండాలు వచ్చింది.
సంచిలో సంచి, దాంట్లో ఇంకో సంచి,
అట్టడుగున ఉప్పుగూడ ఇల్లు, నాలుగు మడతలుగా.

పేరు చెప్పగానే
వెనక లైన్లో కుర్రాడు కిసుక్కుమన్నాడు.
"అండానా? ఉడకబెట్టిందా, ఆమ్లెట్టా?"
ఆమె తిరిగి చూళ్లేదు.
అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఆ జోకు
ఆమె కాలికి అలవాటైన చెప్పు.
అరవదేశంలో బయల్దేరినప్పుడు
ఆ పేరు మొదటి అక్షరానికి దీర్ఘం ఉండేది,
ఏలినామె అని అర్థం ఉండేది.
ఇంత దూరం నడిచొస్తే ఏదో ఒకటి అరగదా.

మామగారి నాటి కాగితం ఎండకెత్తి
చాలాసేపు చూశాడు సాబ్.
"లింగయ్యనా, లంగయ్యనా, లుంగయ్యనా?
మా లిపిల చిన్న అచ్చులు రాయరు బేటీ.
మనిషి ఎరికైతేనే పేరు చదువొస్తది."
"లింగయ్యనే," అంది అండాలు.
"ఇంకెవలు ఎరికున్నరు, నేను తప్ప."

నేను టైపు కొట్టాను: తనఖా విడుదల.
నా వేళ్ల వంక చూసి ఆయన నవ్వాడు.
"మా బేగం నెల మొదట్ల అడిగేది ఇదే కదా,
తన్‌ఖా ఆయీ క్యా?
మాకేమో అది జీతం.
మీ తెలుగులకొచ్చి ఇల్లు కుదవ ఎట్లైందో, అల్లాకెరుక."

"అల్లాదాకెందుకు సాబ్.
మా ఆయన అజామాబాద్‌ల మిషిని కాడ ఇరవై ఆరేండ్లు.
ఒకటో తారీకు మీ తన్‌ఖా,
రెండో తారీకు మా తనఖా.
నడుమ ఒక రాత్రి.
గంతే తేడా."

ఫ్యాన్ తిరుగుతోంది, గాలి రావట్లేదు.
ఆమె చెంగుతో మెడ తుడుచుకుని
ఎవరితోనో కాదన్నట్టు అంది:
"మా నాయనను పదేండ్లప్పుడు
పటేలు కాడ జీతం పెట్టిర్రు.
జీతమంటే పైసలు గాదు.
పోరడే."

నాకు పదిహేను వేలు వస్తుంది నెలకి.
ఆ పూట దాని పేరు నోట్లో పలకలేకపోయాను.

చివరి లైను: బాకీ మొత్తం చెల్లు.
ఎన్ని వందల సార్లు కొట్టానో ఈ మాట.
చెల్లే నోటంటే బజార్లో నడిచేది.
కాలం చెల్లిందంటే ఇంక నడవనిది.
అప్పు చెల్లితే మనిషి లేచి నడుస్తాడు.
ఏ మాటకైనా ఇన్ని కాళ్లుంటాయా,
మా టేబుల్‌కే సరిగ్గా లేవు.

"ఇక్కడ నిశానీ వెయ్యమ్మా."
సాబ్ ఊరుకుంటాడా,
నిశానీ అంటే గుర్తుగా దాచుకునేదన్నాడు,
ఎవరో ఇచ్చిపోయిన ఉంగరంలాంటిదన్నాడు.
ఆమె బొటనవేలు నొక్కింది.
గీతలు పడలేదు. గిన్నెలు తోమి తోమి
ఆ వేలి మీద రాత చెరిగిపోయింది.
రెండోసారి. మూడోసారికి
ఊదారంగు మబ్బు లాంటిదేదో పడింది,
ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు.

సాబ్ జేబులోంచి రుమాలు తీసిచ్చాడు.
రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది, చూడమన్నాడు.
"మొగానిది ఏలికెందుకు?"
అని అది వెనక్కిచ్చేసి
వంగి, సిరా వేలిని
మా టేబుల్ నాలుగో కాలికి రాసింది.

రోడ్డు మీద కండక్టర్ అరుస్తున్నాడు,
కోటి, కోటి, కోటి!
పైసా ఇవ్వకుండా ఎక్కింది అండాలు,
ఆడవాళ్లకి ఫ్రీ కదా.