నాలుగడుగుల చెయ్యి

నా కొలతల పుస్తకం ముందునించి తెరిస్తే
దామలచెరువు ఆడోళ్ల జాకెట్లు.
వెనకనించి తెరిస్తే
పాకాల లైను పాత సిగ్నళ్లు.
నడాన పదారు తెల్ల పేజీలు ఇంకా మిగిలుండాయి.

మొన్న అరుంజోతక్క తన కొలత వెతుక్కుంటా
పుస్తకం తిరగేసి పట్టుకోని పైకి చదివేసింది:
"చెయ్యి నాలుగడుగులు. చివర తెల్లపట్టీ.
భుజం కాడ తుప్పు."
ఎవురిదబ్బా ఈ జాకెట్టు అని
మిషను మింద తలపెట్టి నవ్వింది.
నేనేం చెప్పలా.
చెప్పేదానికి అదేమన్నా కూడు పెట్టే పనా?

ఆదివారం అంగడి తెరవను.
మోపెడ్డు, మెడలో అదే టేపు,
జేబులో అరిగిపోయిన సుద్దబిళ్ల.
ముంగిలిపట్టు అవతల కంపచెట్లలో
ఒక స్తంభం కనిపెట్టినా. చెయ్యి లేదు, నిచ్చెన ఉంది.
అడుగున పోతపోసిన అక్షరాలు
రంగు కింద, రంగు కింద, మళ్లీ రంగు కింద.
కాగితం ఆనిచ్చి సుద్ద రుద్దితే
సంవత్సరం తేలింది,
చేసిన ఊరు తేలలా.

దాని చెయ్యి మామిడికాయల మండీలో దొరికింది.
రెండు రాతికూసాల మింద అడ్డంగా పడుకోని
కాటా మోస్తా ఉంది.
తోతాపురి గంపలు వస్తా ఉంటాయి, పోతా ఉంటాయి,
అది మాత్రం అందరికీ
నిలబడు, నిలబడు అంటానే ఉంది.
హమాలీలు దాని మింద తువాళ్లు ఆరేసుకుంటారు.

మనం చెయ్యి చాపితే రమ్మని.
అది చాపితే ఆగమని.
వాల్చేస్తే ఇంక పొమ్మని.
ముప్పై ఏండ్లుగా చేతులు కుడతా ఉండా,
ఇట్లాంటి చెయ్యి చూడలా.

చెంగల్రాయప్ప గేటు కాడ పనిచేసి దిగిపోయినోడు.
"ఈ పక్కోళ్లు తిట్టినారు, ఆ పక్కోళ్లు తిట్టినారు.
రైలోడు ఒక్కడే తిట్టలా,
వాడు నిలబడలా కదా" అంటాడు.
ఆయన అటక మింద గోనెసంచిలో
సిగ్నలు కళ్లద్దాలు ఉండాయి:
ఇనప చట్రం, రెండు గాజులు.
తుడిచి, ఎండలో పట్టి చూసి రాసుకున్నా:
పై గాజు ఎరుపు. కింది గాజు నీలం.

తొంగి చూసి, "నీలం కొట్టేయ్" అన్నాడు.
"నీలమే కద పెద్దాయనా, ఎండలో చూస్తిని."
"ఎండలో దాంతో పనేముండాది?"

నాకు కోపమొచ్చింది.
దారం రంగు కలపాలంటే
ఎవురికైనా నేను చెప్పే మాట ఒకటే,
గడప దాటి ఎండలోకి తీసుకుపోయి చూడండి అని.

పొద్దుగూకేదాకా కూచోబెట్టినాడు.
కిరసనాయిలు ఇప్పుడు యాడ దొరకతాది?
మందుసీసాలో అరసీసా దాచిపెట్టుకోనుండాడు.
వత్తి కత్తిరించి, చిమ్నీ మింద ఉఫ్ అని ఊది తుడిచి,
పసుపచ్చ మంట వెలిగించి
ఆ నీలం గాజు వెనక పెట్టినాడు.

పచ్చ.
వరిమడిలో పచ్చ కాదు, సీసాలో పచ్చ కాదు.
ఎదురుగా కూచోనున్న ఆయన మనవరాలి
పలక మింద, పండ్ల మింద పచ్చ.
గాజులో లేదది. మంటలోనూ లేదు.
రెండూ కలిసినంతసేపే ఉంది.

అరసీసా నూనె, అదీ ఖర్చు పెట్టేసినాడు నా కోసం.
ఆర్పమని చెప్పాల్సింది.
చెప్పలా.

ఇంటికొచ్చి "నీలం" కొట్టేసినా.
"పచ్చ" అని రాసి, అదీ కొట్టేసినా.
ఆ గడిలో ఇప్పుడు "దీపముంటే పచ్చ" అని ఉంది.
కొలత కాదది. తీసేయబుద్ధి కాలా.

తర్వాతి వారం పోతా ఉంటే కొత్త గేటు పడింది.
కరెంటుతో దిగే కమ్మీ, కుయ్‌మని సైరను,
ఎనక ఆటోల హారన్లు.
మోపెడ్డు ఆపి స్టాండేసినా.
దీన్ని ఇంకా ఎవురూ కొలవలేదు కదా అనిపించింది.
మెడలో టేపు తీసినా.
"ఏయ్, ఏం చేస్తా ఉండావు నువ్వు?" గదిలోనించి కేక.
అరవై అంగుళాలకే టేపు అయిపోయింది.
అక్కడ సుద్దతో ఒక గీత పెట్టి
మళ్లీ సున్నానించి పట్టుకున్నా.