పద్నాలుగో నంబరు ముద్ర

ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఏప్రిల్ ఒకటిన పేరు మారింది.
పాత బోర్డు దించడానికి నలుగురు ఎక్కారు.
కొత్తది బిగించడానికి ఇద్దరు చాలారు,
అది ఇనుము కాదు, ప్లాస్టిక్కు.

నేను కొలతల గదిలో ఉన్నాను.
బయట గాజువాక పెనంలా కాలుతున్నా
లోపల ఎప్పుడూ ఇరవై డిగ్రీలే.
ఎండ తగిలితే లోహం ఒళ్ళు విరుచుకుంటుందమ్మా,
కొలత అబద్ధమాడుతుంది
అని చేరిన రోజే చెప్పారు కామేశం గారు.
ఆ మాటకి మే నెలలో స్వెట్టరేసుకున్నాను.
బస్సులో నవ్వినవాళ్ళకి
మైక్రాను సంగతి చెప్పలేదు.
మా అమ్మకి మాత్రం చెప్పాను,
తలవెంట్రుకని డెబ్భై చీలికలు చేస్తే
అందులో ఒకటి అని.
"సీల్చినోడెవుడే?" అంది.

డాక్‌యార్డులో ఫిట్టరాయన.
ఒక పాత లేతు, బావమరిది దగ్గర అప్పు,
సగం కప్పిన షెడ్డు.
పదేళ్ళు పంపు ముక్కలు,
తర్వాత విమానం రెక్కలోపల దాగే బ్రాకెట్లు.
మనది ఎవరికీ కనపడని చోటమ్మా,
కనపడిందంటే ప్రమాదం జరిగినట్టే, అనేవారు.

దాలినాయుడి చెమటంతా ఉప్పు.
వట్టిచేత్తో ఉక్కు ముట్టుకుంటే
తెల్లారేసరికి అయిదు వేళ్ళూ తుప్పై తేలేవి.
దొంగని పట్టినట్టు పట్టుకునేదాన్ని.
"సముద్రం పక్కన పుట్టినోడిని, నానేటి సేసేది?"
అంటూ గ్లవ్సు తొడుక్కునేవాడు.
హుద్‌హుద్ పైరేకులు లేపేసిన రోజు
కొలిచే యంత్రం మీద టార్పాలిన్ కప్పి
ఎగిరిపోకుండా దానిమీద పడుకున్నది
వాడూ, కామేశం గారూ.

కొనేవాళ్ళ తరఫున జనవరిలో వచ్చారు
ముగ్గురు కుర్రాళ్ళు. మంచినీళ్ళు కూడా వాళ్ళవే.
అన్నీ లెక్కపెట్టారు.
యంత్రాలు, ఆర్డర్లు, సర్టిఫికెట్లు, మమ్మల్ని.
ఆయన బల్లమీద కాయితాలకి బరువుగా
ఎర్రరంగు పూసిన బ్రాకెట్టొకటి ఉండేది.
ఇదేంటి, జాబితాలో లేదే, అన్నాడొకడు.
పన్నెండు మైక్రాన్లు ఎక్కువొచ్చింది బాబూ,
ఈ అమ్మాయి ఆపేసింది.
లాటు మొత్తం వెనక్కి తెప్పించాను.
ఆ నెల జీతాలు పదిహేనో తారీకున ఇచ్చాను.
కుర్రాడు 'తుక్కు' అని రాసుకుని
విలువ దగ్గర సున్నా చుట్టాడు.

అమ్మకం పత్రాలు ఫ్యాను గాలికి లేవకుండా
ఆ తుక్కే పెట్టారు.
సంతకం చేసే చెయ్యి వణకలేదు, చూశాను.
ఎందుకమ్మేశారంటే
షుగరు, మోకాళ్ళు, బ్యాంకు, అన్నారు.
నాలుగోది ఉందేమో, నేను అడగలేదు.
వెళ్ళేటప్పుడు తువ్వాల్లో చుట్టి
దాన్నొక్కదాన్నే పట్టుకెళ్ళారు.

అబద్ధమెందుకు, జీతం పెరిగింది.
పిల్లాడి ఫీజు ఒకే విడతలో కట్టాను.
దాలినాయుడికి కొత్త బూట్లిచ్చారు, ఒక సైజు పెద్దవి.
"టాలరెన్సు దాటేసింది, రిజెక్టు సెయ్యి" అని
నా బల్లమీద పెట్టాడు.

తర్వాత పాత ముద్రలు వెనక్కిమ్మన్నారు.
వేలెడంత కడ్డీ, కొసన గుండ్రంలో పద్నాలుగు.
నేను సరేనన్న ప్రతి ముక్క మీదా
దాన్ని కొట్టాను.
ఇకమీద బార్‌కోడు.
రిజిస్టర్లో 'అప్పగించడమైనది' అని రాశాను.
కొత్త మేనేజరు నా ఎదురుగానే
సానరాయి మీద అంకె అరగదీయించాడు.
నాలుగు నిప్పురవ్వలు. అంతే.
పద్ధతి అదే. నేనైనా అదే చేస్తాను.

సాయంత్రం ఎన్ఏడీ దగ్గర బస్సు ఆగింది.
విమానమొకటి దిగుతోంది,
పొట్టమీది మరకలు లెక్కపెట్టేంత కిందికి.
మాది అందులో ఉందో, మరే దేశం చీకట్లో ఉందో,
లేని కంపెనీ మాట నిలబెట్టుకుంటూ
లేని ముద్ర.
మెడ సాచి చూశాను.
ఏమీ కనపడలేదు.
అంతా సవ్యంగా ఉన్నట్టే.

పక్కసీటామె నా స్వెట్టరు చూసి
"ఒంట్లో బాగోలేదేటమ్మా?" అంది.
విప్పి మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను.
రేపు కావాలి.
ఇరవై డిగ్రీలు
ఇంకా పాతవే.